తెరపొరల దొంతరక్రమం: గ్రాఫిక్స్ డ్రైవర్లలో దాని నిర్ధారణ చరిత్ర

వ్యాససంగ్రహం

కంప్యూటర్ తెరపై కనిపించేది ఒకే బొమ్మ కాదు. నేపథ్యం, వీడియో, కర్సర్ వంటి పలు పొరలను ప్రదర్శన హార్డ్‌వేర్ ఒకదానిపై ఒకటి పేర్చగా ఏర్పడిన దృశ్యం అది. ఏ పొర పైన, ఏ పొర కింద అన్న దొంతరక్రమం తొలినాటి చిప్‌లలో మార్చరానిదిగా ఉండేది. 2016లో లినక్స్ కెర్నల్ దానిని ‘జెడ్‌పోస్’ అనే ఉమ్మడి లక్షణంగా బయటి ప్రోగ్రాములకు ప్రకటించింది. ప్రకటన వెలువడింది కనుక అది నిజమో కాదో తేల్చవలసిన అవసరం కూడా వచ్చింది. ఆ నిర్ధారణ పద్ధతి ఎలా రూపుదిద్దుకుందో, దేనిని పట్టగలదో, దేనిని పట్టలేదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. దొంతరక్రమాన్ని ఒక పూర్ణసంఖ్యతో చెప్పడంలోనే ఒక ఊహ దాగి ఉందనీ, పక్కపక్క జతలను మాత్రమే చూసే పరీక్ష ఆ ఊహను తడిమి చూడదనీ 1983 నాటి ఫామికామ్ ఆటయంత్రం ఆధారంగా నిరూపిస్తుంది.

కీలక పదాలు: దొంతరక్రమం, తెరపొర, జెడ్‌పోస్, లినక్స్ కెర్నల్, సీఆర్‌సీ, ఐజీటీ, ఫామికామ్, స్ప్రైట్.

1. ప్రవేశిక

సెల్‌ఫోనులో సినిమా నడుస్తున్నప్పుడు తెరపై కనీసం మూడు వేర్వేరు బొమ్మలుంటాయి: వీడియో, దాని అడుగున ఉపశీర్షికలు, పైఅంచున గడియారమూ బ్యాటరీ గుర్తూ ఉన్న పట్టీ. వీటిని ఒకటి చేయడానికి రెండు దారులున్నాయి. గ్రాఫిక్స్ ప్రాసెసర్ చేత ప్రతి ఫ్రేమునూ కొత్తగా గీయించి, కలిపిన బొమ్మను మెమరీలో రాయించి, దానిని మళ్లీ చదివి తెరకు పంపడం మొదటి దారి. 1920×1080 పిక్సెళ్ల తెరకు, పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున, ఒక్క ఫ్రేముకు 82,94,400 బైట్లు కావాలి. సెకనుకు 60 ఫ్రేములంటే దాదాపు 50 కోట్ల బైట్లు. రాయడానికొకసారి, చదవడానికొకసారి ఇంత రాకపోకా జరగాలి. దాని ఖర్చు బ్యాటరీ భరించాలి. రెండవ దారిలో బొమ్మలు విడివిడిగానే ఉంటాయి. పిక్సెళ్లు తెరకు వెళ్లే తోవలోనే ప్రదర్శన హార్డ్‌వేర్ వాటిని ఒకదానిపై ఒకటి పేరుస్తుంది. కలిపిన బొమ్మ మెమరీలో ఎక్కడా ఉండదు. అది తీగలో పుట్టి తెరపై తేలుతుంది.

ఇలా విడిగా నడిచే బొమ్మ మార్గాన్ని లినక్స్ పరిభాషలో ‘ప్లేన్’ అంటారు. ఈ వ్యాసంలో ‘పొర’ అన్న మాట దానికే వర్తిస్తుంది. పొరల పైకిందుల వరస దొంతరక్రమం. కుండల దొంతరలో అడుగు కుండ కనపడకపోవడం సహజమే. కనపడవలసిన కుండ అడుగుకు పోతేనే చిక్కు. ఉపశీర్షికల పొర వీడియో కిందికి పోతే వినికిడి లేని ప్రేక్షకుడికి సినిమా మూగదవుతుంది. తాళం వేసిన తెర పొర కిందికి పోయి, దాని వెనక ఉండవలసిన విండో పైకి వస్తే యజమాని దాచదలచినది దారినపోయేవాడు చదువుతాడు. క్రమం తప్పినప్పుడు ఏ ప్రోగ్రామూ ఆగిపోదు, ఏ దోషసందేశమూ రాదు. కెర్నల్ లెక్క ప్రకారం అంతా సవ్యంగానే ఉంటుంది. తప్పు తెర మీద తప్ప మరెక్కడా ఉండదు, తెరను చూసే శక్తి ప్రోగ్రాముకు ఉండదు. దొంతరక్రమ పరీక్షలోని అసలు కష్టం ఇదే.

2. సిలికాన్‌లో స్థిరపడిన క్రమం

టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ 1979లో తెచ్చిన టీఎంఎస్9918 అనే వీడియో చిప్ పొరల ఆలోచనను నిర్మొహమాటంగా ముందుకు తెచ్చింది. ఆ చిప్ దృష్టిలో తెర 35 పొరల దొంతర. అన్నిటికంటే అడుగున బయటి నుంచి వచ్చే వీడియో, దానిపైన ఒకే రంగు నేపథ్యం, దానిపైన అక్షరాలూ బొమ్మలూ ఉండే నమూనా పొర, ఆపైన 32 స్ప్రైట్లు. స్ప్రైట్ అంటే తెరపై స్వేచ్ఛగా కదిలే చిన్న బొమ్మ. 31వ స్ప్రైట్ అడుగున, సున్నా స్ప్రైట్ అన్నిటికీ పైన. ఈ వరసను మార్చే రిజిస్టరు లేదు. పైకి రావలసిన బొమ్మకు చిన్న సంఖ్య ఇవ్వడమొక్కటే ప్రోగ్రామరు చేయగలిగింది. ఒకే అడ్డుగీతపై నాలుగు స్ప్రైట్లు మాత్రమే కనిపిస్తాయి. ఐదవది వస్తే దొంతరలో అడుగున ఉన్నది మాయమవుతుంది. ఈ పరిమితి తరువాత మళ్లీ అవసరపడుతుంది.

1982 నాటి కమడోర్ 64 యంత్రంలోని విక్-2 చిప్‌లో కొంత సడలింపు కనిపిస్తుంది. ఎనిమిది స్ప్రైట్ల మధ్య వరస స్థిరమే, సున్నాదే అగ్రస్థానం. అయితే ఒక్కో స్ప్రైట్ నేపథ్య చిత్రానికి ముందు ఉండాలో వెనక ఉండాలో 53275 చిరునామాలోని రిజిస్టరులో ఒక్కో బిట్ నిర్ణయిస్తుంది. 1985 నాటి అమీగా మరో అడుగు వేసి, రెండు చిత్రక్షేత్రాలనూ స్ప్రైట్ జతలనూ ఎక్కడెక్కడ ఇమడ్చాలో చెప్పే ఒక నియంత్రణ రిజిస్టరును ఇచ్చింది. స్ప్రైట్ జతల పరస్పర వరస మాత్రం అక్కడా కదలలేదు.

ఆ తరం ప్రోగ్రామర్లు దొంతరక్రమాన్ని ప్రత్యేకంగా పరీక్షించిన దాఖలాల కోసం వెతకడం వృథా. వారి చేతిలో చిప్ కరదీపిక ఉండేది, ఎదురుగా ఆ చిప్ ఉండేది, రాసిన ఆట ఆ చిప్ మీదనే నడిచేది. కరదీపికలోని వాక్యానికీ తెరకూ మధ్య మూడో మనిషి లేడు. తెర వైపు చూస్తే చాలు, పరీక్ష ముగిసినట్లే.

3. ఫామికామ్‌లోని చక్రం

ఆ కాలపు యంత్రాలలో దొంతరక్రమ చర్చకు అత్యంత విలువైనది నింటెండో సంస్థ 1983లో జపాన్‌లో విడుదల చేసిన ఫామికామ్. అందులో 64 స్ప్రైట్లు, ఒక నేపథ్యం ఉంటాయి. చిన్న సంఖ్య గల స్ప్రైట్ పెద్ద సంఖ్య గలదానికి పైన ఉంటుంది. ప్రతి స్ప్రైట్‌కూ ‘నేపథ్యానికి ముందు’ లేదా ‘నేపథ్యానికి వెనక’ అని చెప్పే బిట్ కూడా ఉంటుంది. వినడానికి విక్-2 పద్ధతిలాగే ఉంటుంది. కానీ నిర్ణయం రెండు అంచెల్లో జరుగుతుంది. ఒక పిక్సెల్ వద్ద ఎన్ని స్ప్రైట్లున్నా మొదట వాటిలో చిన్న సంఖ్య గలది ఒక్కటే ఎంపికవుతుంది. ఆ గెలిచిన స్ప్రైట్ బిట్‌ను మాత్రమే చూసి, నేపథ్యమా స్ప్రైటా అన్నది రెండో అంచెలో తేలుతుంది.

ఈ ఏర్పాటు ఫలితాన్ని నిదానంగా చూడాలి. ‘క’ అనే స్ప్రైట్‌కు చిన్న సంఖ్య, ‘నేపథ్యానికి వెనక’ అన్న బిట్ ఇచ్చారనుకోవాలి. ‘గ’ అనే స్ప్రైట్‌కు పెద్ద సంఖ్య, ‘నేపథ్యానికి ముందు’ అన్న బిట్. ‘క’, ‘గ’ మాత్రమే కలిసిన చోట ‘క’ కనిపిస్తుంది. ‘గ’, నేపథ్యం కలిసిన చోట ‘గ’ కనిపిస్తుంది. ‘క’, నేపథ్యం కలిసిన చోట నేపథ్యం కనిపిస్తుంది. అంటే ‘క’ కంటే ‘గ’ కింద, ‘గ’ కంటే నేపథ్యం కింద, నేపథ్యం కంటే ‘క’ కింద! ఇది దొంతర కాదు, చక్రం. మూడూ ఒకే చోట కలిస్తే మొదటి అంచెలో ‘క’ గెలుస్తుంది, రెండో అంచెలో నేపథ్యానికి ఓడిపోతుంది. ముందు ఉండవలసిన ‘గ’ పోటీలోనే ఉండదు.

దీనిని లోపమనడం కన్నా స్వభావమనడం సమంజసం. ఆటల రచయితలు దీనిని సద్వినియోగం చేసుకున్నారు. ‘సూపర్ మారియో బ్రదర్స్ 3’లో పెట్టె లోపలి నుంచి పుట్టగొడుగు మెల్లగా పైకి లేచే దృశ్యం ఈ కిటుకుతోనే సాధ్యమైంది. పెట్టె ఉన్న చోట ఒక స్ప్రైట్‌ను నేపథ్యానికి వెనక నిలిపితే, దాని కంటే పెద్ద సంఖ్య గల పుట్టగొడుగు అక్కడ కనపడకుండా పోతుంది. పెట్టె దాటి పైకి వచ్చిన మేరకే కనిపిస్తుంది. ఏ పొరకు ఏ ఎత్తు అని మూడు సంఖ్యలు రాసి ఈ యంత్రాన్ని వర్ణించడం అసాధ్యం. ఎన్ని విధాల రాసినా మూడు జతల్లో ఒకటి అబద్ధమవుతుంది.

4. రంగే తాళంచెవి

1990ల వ్యక్తిగత కంప్యూటర్లలో విండోల దొంతర పూర్తిగా సాఫ్ట్‌వేర్ వ్యవహారమైంది. హార్డ్‌వేర్ పొరలుగా మిగిలినవి ప్రధానంగా రెండు: మౌస్ కర్సర్, వీడియో. కర్సర్ ఎప్పుడూ పైనే కనుక పేచీ లేదు. వీడియో పొర సంగతి వేరు. సినిమా ఆడుతున్న విండో మీదికి మరో విండో వస్తే వీడియో దాని కిందికి పోవాలి, కానీ హార్డ్‌వేర్‌కు విండోలంటే ఏమిటో తెలియదు. దీనికి దొరికిన ఉపాయం రంగుతాళం. ప్రోగ్రాము తన విండోను ముందుగా నిర్ణయించిన ఒక రంగుతో నింపుతుంది. అడుగు పొరలో ఆ రంగున్న పిక్సెళ్ల వద్ద మాత్రమే హార్డ్‌వేర్ వీడియోను చూపుతుంది. ఆ రోజుల్లో సినిమా ఆడుతుండగా తెరచిత్రం తీసుకున్నవారికి వీడియో ఉండవలసిన చోట ఒకే రంగు దీర్ఘచతురస్రం దొరికేది. బొమ్మ మెమరీలో లేదు, తీగలో ఉంది.

ఆ ఖాళీ దీర్ఘచతురస్రం పరీక్షకుడికి రాబోయే ఇబ్బందికి తొలి సూచన. తెరచిత్రాన్ని సరిపోల్చి ప్రోగ్రామును పరీక్షించే అలవాటు ఇక్కడ చెల్లదు. తెరచిత్రం చూసేది అడుగు పొరను. మనిషి చూసేది దొంతరను.

5. సొంత పేర్ల నుంచి ఉమ్మడి పేరుకు

లినక్స్‌లో తెర అమరిక చాలాకాలం ఎక్స్ సర్వర్ డ్రైవర్ల చేతిలో ఉండేది. 2009లో 2.6.29 కెర్నల్‌తో ఇంటెల్ చిప్‌లకు ఆ బాధ్యత కెర్నల్‌లోకి వచ్చింది. 2012లో విడుదలైన 3.3 కెర్నల్‌లో జెస్సీ బార్న్స్ రాసిన మార్పులతో పొర అన్నది కెర్నల్ పరిభాషలో స్వతంత్ర వస్తువైంది. మొదట్లో ప్రధాన పొర, కర్సర్ పొర ఈ లెక్కలో లేవు. 2014లో మ్యాట్ రోపర్ కృషితో అవి కూడా తక్కిన పొరలతో సమానంగా బయటి ప్రోగ్రాములకు కనిపించసాగాయి. 2015 నాటి 4.2 కెర్నల్ నుంచి తెర అమరిక మొత్తాన్ని ఒకే విన్నపంగా పంపే ‘ఎటామిక్’ పద్ధతి అందరికీ అందుబాటులోకి వచ్చింది.

ఇంత జరిగినా ఏ పొర పైన ఉంటుందో చెప్పే ఉమ్మడి మార్గం లేదు. శామ్‌సంగ్ ఎక్సినాస్, రెనెసాస్, ఎస్‌టీ మైక్రోఎలక్ట్రానిక్స్ చిప్‌ల డ్రైవర్లు ఎవరికి వారు ‘జెడ్‌పోస్’ అనే లక్షణాన్ని సొంతంగా పెట్టుకున్నాయి. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి ఓమాప్ డ్రైవర్ అదే సంగతికి ‘జెడ్‌ఆర్డర్’ అని పేరు పెట్టుకుంది. పేర్లు కలిసినా అర్థాలు కలుస్తాయన్న హామీ లేదు. శామ్‌సంగ్‌కు చెందిన మారెక్ షిప్రోవ్‌స్కీ, లినారోకు చెందిన బెంజమిన్ గెన్యార్ కలిసి సిద్ధం చేసిన ఉమ్మడి జెడ్‌పోస్ 2016లో 4.8 కెర్నల్‌తో వెలువడింది.

దాని నియమావళి క్లుప్తమైనది. జెడ్ అక్షం చూసేవారి వైపు పెరుగుతుంది. పెద్ద సంఖ్య గల పొర పైన, చిన్నది కింద. ఒక పొరకు ఈ లక్షణం ఉంటే అన్ని పొరలకూ ఉండాలి. లక్షణమే లేకపోతే ప్రధాన పొర కర్సర్‌కు కింద అన్న ఒక్క మాట తప్ప మరే హామీ లేదు. అన్నిటికంటే ముఖ్యమైనది, ఈ సంఖ్య రెండు రకాలు. మార్చదగిన జెడ్‌పోస్ ఒక ఆజ్ఞ: బయటి ప్రోగ్రాము చెబుతుంది, హార్డ్‌వేర్ పాటిస్తుంది. మార్చలేని జెడ్‌పోస్ ఒక వాంగ్మూలం: హార్డ్‌వేర్‌లో స్థిరంగా ఉన్న క్రమం ఇదీ అని డ్రైవర్ చెబుతుంది. ఆజ్ఞను పరీక్షించడమంటే విధేయతను పరీక్షించడం. వాంగ్మూలాన్ని పరీక్షించడమంటే సత్యాన్ని పరీక్షించడం.

వాంగ్మూలం తప్పు కావడానికి అవకాశమెక్కడుందన్న సందేహం కలగవచ్చు. క్రమం సిలికాన్‌లో ఉంది. సంఖ్య డ్రైవర్ రచయిత టైపు చేసిన పాఠంలో ఉంది. ఈ రెండింటినీ కలిపేది ఆ రచయిత చిప్ కరదీపికను చదివి అర్థం చేసుకున్న తీరు ఒక్కటే. కరదీపికలో సున్నాను పై పొరగా లెక్కించి ఉండవచ్చు, 1979 నాటి చిప్‌లో ఉన్నట్లుగా. చిప్ తరువాతి తరంలో ఒక పొర చోటు మారి ఉండవచ్చు. రాస్ప్‌బెర్రీ పై కోవకు చెందిన చిప్‌లలో పరిస్థితి ఇంకొక రకం. అక్కడి ప్రదర్శన హార్డ్‌వేర్ మెమరీలోని ఒక జాబితాను చదువుతూ, అందులో ఏ వరసలో ఉంటే ఆ వరసలో పొరలను పేరుస్తుంది. డ్రైవర్ ఆ జాబితాను సంఖ్యల ప్రకారం సర్దాలి. తప్పు జరిగితే సర్దుబాటులో జరుగుతుంది. ఒకచోట చదవడంలో, మరొకచోట రాయడంలో. రెండుచోట్లా కంపైలరు మాత్రం మౌనంగానే ఉంటుంది.

6. కంటికి బదులు ఒక సంఖ్య

తెరను చూడలేని ప్రోగ్రాముకు చూపునిచ్చింది సీఆర్‌సీ. సమాచారం చెడకుండా చేరిందో లేదో చూడడానికి దశాబ్దాలుగా వాడుకలో ఉన్న సరిచూపు లెక్క ఇది. ప్రదర్శన హార్డ్‌వేర్‌లో పొరలన్నీ కలిసిన తరువాతి బిందువు వద్ద, ఒక ఫ్రేములోని పిక్సెళ్లన్నిటినీ ఈ లెక్కలో వేసి ఒక చిన్న సంఖ్యను తేల్చే సర్క్యూట్ పలు చిప్‌లలో ఉంటుంది. ఇంటెల్ డ్రైవర్ ఈ సంఖ్యలను 2013లో పరీక్షా ప్రోగ్రాములకు అందించసాగింది. టొమేయు విజోసో రూపొందించిన ఉమ్మడి మార్గం 2017లో 4.10 కెర్నల్‌తో వచ్చాక, సర్క్యూట్ ఉన్న ఏ చిప్ డ్రైవరైనా ఒకే తీరుగా ఆ సంఖ్యను ఇవ్వగలిగింది. ఇంటెల్ చిప్‌ల కోసం మొదలైన పరీక్షల సంపుటి 2018లో తన పేరులోంచి ఇంటెల్‌ను తొలగించి ‘ఐజీటీ జీపీయూ టూల్స్’గా మారడం ఈ విస్తరణకు తగినట్లుగానే ఉంది.

సీఆర్‌సీ సంఖ్య బొమ్మ ఎలా ఉందో చెప్పదు. ఫలానా ఫ్రేము ఫలానా ఫ్రేముతో పిక్సెల్ పిక్సెల్‌కూ సమానమా కాదా అన్నది మాత్రమే చెబుతుంది. 32 బిట్ల సంఖ్యలో రెండు వేర్వేరు బొమ్మలు కాకతాళీయంగా సమానమయ్యే అవకాశం 400 కోట్లలో ఒకటికి మించదు. దాని గురించి బెంగ అనవసరం. బెంగపడవలసింది దాని అతినిశితత్వం గురించి. రంగుల మార్పిడిలోనో, సైజు పెంచడంలోనో చిట్టచివరి బిట్ అటూఇటూ అయితే కంటికి తేడా తెలియదు, సీఆర్‌సీ మాత్రం పూర్తిగా మారిపోతుంది. అందుకే దొంతరక్రమ పరీక్షలో పొరల సైజు మార్చకూడదు, రంగుల నమూనా మార్చకూడదు, పారదర్శకత వాడకూడదు. లేకపోతే పరీక్ష విఫలమైనప్పుడు విఫలమైంది క్రమమో, కూడికో తెలియదు.

యంత్రపు చూపును కూడా గుడ్డిగా నమ్మడానికి లేదు. ఇంటెల్ డ్రైవర్ పాఠంలో ఒక ముచ్చటైన ఒప్పుకోలుంది: సీఆర్‌సీని మొదలుపెట్టగానే వచ్చే తొలి సంఖ్య తెలియని కారణం వల్ల అర్థరహితంగా ఉంటోంది కనుక దానిని పారేయాలనీ, కొన్ని తరాల చిప్‌లలో రెండవదీ అంతేననీ అందులో రాసి ఉంది. పరీక్షా సాధనానికే పరీక్ష అవసరమైన సందర్భమిది.

సీఆర్‌సీ సర్క్యూట్ లేని చోట్లకు వేరే ఏర్పాట్లు వచ్చాయి. క్రోమ్ ఓఎస్ పరీక్షల కోసం గూగుల్ తయారుచేసిన కమీలియం బోర్డు మానిటర్‌లా నటిస్తూ వచ్చిన బొమ్మను పట్టుకుంటుంది. 2018 నాటి 4.19 కెర్నల్‌లో రెండు కొత్త వసతులు చేరాయి: కలిసిన బొమ్మను తిరిగి మెమరీలోకి రాయించే రైట్‌బ్యాక్, అసలు హార్డ్‌వేరే లేకుండా ప్రాసెసర్‌తోనే పొరలను కలిపి చూపే వీకేఎంఎస్ అనే ఉత్తుత్తి డ్రైవర్.

7. ఆకుపచ్చ తెర, నల్లని గుంట

సమానమా కాదా అన్న ఒక్క ప్రశ్నతో పైకిందులను తేల్చడం ఎలా? ఐజీటీలోని పొరల పరీక్షలో దీనికి దొరికిన సమాధానం సరళమైనది. మొదట ప్రధాన పొర నిండా ఆకుపచ్చ రంగు నింపి సీఆర్‌సీ తీసుకుంటారు. ఇది ఆధార సంఖ్య. తరువాత అదే ఆకుపచ్చలో 64×64 పిక్సెళ్ల నల్లని గుంట ఒకటి చేస్తారు. రెండో పొరగా అంతే సైజు ఆకుపచ్చ ముక్కను తెచ్చి సరిగ్గా ఆ గుంట మీద పెడతారు. రెండో పొర నిజంగా పైనుంటే గుంట పూడి, తెర మళ్లీ నిండు ఆకుపచ్చ అవుతుంది, సీఆర్‌సీ ఆధార సంఖ్యతో కలుస్తుంది. కిందుంటే గుంట అలాగే ఉంటుంది, సంఖ్య కలవదు.

ఈ ఏర్పాటు బలం అది కాదన్న వాటిలో ఉంది. రెండో పొర అసలు వెలగకపోయినా గుంట మిగులుతుంది. ఒక్క పిక్సెల్ పక్కకు జరిగినా నల్లని అంచు మిగులుతుంది. ప్రధాన పొర ఆరిపోతే చుట్టూ నలుపు మిగులుతుంది. అన్నీ సరైతేనే సంఖ్య కలుస్తుంది. అంతటితో ఆగకుండా ముక్కను కావాలనే గుంట నుంచి తప్పించి పెట్టి, అప్పుడు సంఖ్య కలవకూడదని కూడా చూస్తారు. సీఆర్‌సీ సర్క్యూట్ పడకేసి ఎప్పుడూ ఒకే సంఖ్య ఇస్తుంటే మొదటి పరీక్ష మోసపోతుంది, ఈ రెండోది పట్టుకుంటుంది. పరీక్ష ఎప్పుడూ ‘అవును’ అనే యంత్రాన్ని కూడా అనుమానించాలన్న మెలకువ ఇందులో కనిపిస్తుంది.

కర్సర్ పరీక్షది ఇదే తర్కానికి మరో రూపం. కర్సర్ బొమ్మను సాఫ్ట్‌వేర్‌తో నేరుగా ప్రధాన పొర మీద గీసి ఆధార సంఖ్య తీసుకుంటారు. తరువాత అదే బొమ్మను హార్డ్‌వేర్ కర్సర్‌గా పెట్టి సంఖ్య కలుస్తుందో లేదో చూస్తారు.

8. పక్కపక్క జతలు చాలునా?

మార్చలేని జెడ్‌పోస్ వాంగ్మూలాన్ని సరిచూసేందుకు ఐజీటీలో తరువాత ఒక ప్రత్యేక ఉపపరీక్ష చేరింది. అది డ్రైవర్ చెప్పిన సంఖ్యల ప్రకారం పొరలను వరసలో నిలిపి, ఒక్కొక్క పొరనూ దాని పైనున్న పొరతో జతగా తీసుకుని, పెద్ద సంఖ్య గలదే చిన్న సంఖ్య గలదానిని కప్పుతోందా అని చూస్తుంది. అన్ని కలయికలనూ చూడబోతే లెక్క పేలిపోతుందన్న భయంతో పక్కపక్క జతలకే పరిమితమైంది.

భయం ఏ లెక్కకు సంబంధించినదో విడదీసి చూడాలి. నాలుగు పొరలను పేర్చగల తీరులు 24, ఏడు పొరలనైతే 5,040. ఇది నిజంగానే పేలుడు. కానీ పక్కపక్క జతలు నాలుగు పొరలకు 3, ఏడింటికి 6. మొత్తం జతలు నాలుగింటికి 6, ఏడింటికి 21 మాత్రమే. ఒక్కో జతకు 10 ఫ్రేములు పట్టినా 21 జతలకు 210 ఫ్రేములు, 60 హెర్ట్జ్ తెరపై మూడున్నర సెకన్లు. పొదుపు కోసం వదులుకున్నది ఇంతే.

వదులుకున్నదాని విలువ ఫామికామ్ వద్ద తెలుస్తుంది. ‘క’కు 2, ‘గ’కు 1, నేపథ్యానికి 0 అని ఒక డ్రైవర్ వాంగ్మూలం ఇచ్చిందనుకుంటే, పక్కపక్క పరీక్షలో ‘గ’ను ‘క’ కప్పుతుంది, సరి. నేపథ్యాన్ని ‘గ’ కప్పుతుంది, సరి. పరీక్ష ఉత్తీర్ణం. చూడని మూడో జతలో, అంటే ‘క’కూ నేపథ్యానికీ మధ్య, క్రమం తలకిందులుగా ఉంది. ‘క’ గకు పైన, ‘గ’ నేపథ్యానికి పైన కనుక ‘క’ నేపథ్యానికి పైన అన్న అనుమానాన్ని పరీక్ష తానే ఊహించుకుని, ఆ ఊహను పరీక్షించడం మానేసింది. అన్ని జతలూ చూసే పరీక్షనైతే ఈ యంత్రం ఏ సంఖ్యలతోనూ దాటలేదు.

ఆధునిక చిప్‌లలో ఇటువంటి చక్రం ఉంటుందా అన్న ఆక్షేపణ న్యాయమైనదే. పొరలను కలిపే విభాగం చాలా చిప్‌లలో ఒక గొలుసు: అడుగు పొర మీద రెండోది, ఆ ఫలితం మీద మూడోది. గొలుసులో చక్రం పుట్టదు. అయితే అన్నీ గొలుసులు కావు. రంగుతాళం ఉన్న పొర ఎత్తు అడుగు పొరలోని రంగును బట్టి పిక్సెల్ పిక్సెల్‌కూ మారుతుంది. ఏఎండీ సంస్థ డీసీఎన్ తరం చిప్‌లలో కర్సర్‌కు ప్రత్యేక పొరే లేదు. ఏ పొర మీద ఉంటే ఆ పొర మార్గంలోనే కలిసిపోయి, ఆ పొర సైజు పెరిగితే తానూ పెరుగుతుంది. డ్రైవర్ మాత్రం దానిని విడి పొరగానే బయటికి చూపుతుంది. సంఖ్యల వెనక గొలుసు ఉందో మరేముందో బయటి ప్రోగ్రాముకు కనపడని చోట, గొలుసే ఉందని ముందే అనుకునే పరీక్ష సగం పరీక్షే.

అన్ని జతలూ చూసినా ఒక లోటు మిగులుతుంది. టీఎంఎస్9918లో ఏ రెండు స్ప్రైట్లను తీసుకున్నా క్రమం చెక్కుచెదరదు. ఐదు కలిసినప్పుడే ఒకటి మాయమవుతుంది. కనుక జతల పరీక్ష చివర పొరలన్నిటినీ మెట్లమెట్లుగా, ఒకదాని మూల మరొకదానిపై పడేలా ఒకేసారి నిలిపి చూసే ఒక్క ఫ్రేము అవసరం. అన్నిటినీ ఒకేసారి వెలిగించడం హార్డ్‌వేర్‌కు సాధ్యం కాకపోతే డ్రైవర్ ఆ విన్నపాన్ని తిరస్కరించాలి. నిశ్శబ్దంగా ఒక పొరను వదిలేయకూడదు.

9. హామీకి వెలుపల ఉన్నవి

ఎటామిక్ పద్ధతిలో ‘పరీక్ష మాత్రమే’ అన్న సూచనతో విన్నపం పంపే వీలుంది. విండోలను తెరకు కలిపే కంపోజిటర్ ప్రోగ్రాములు ఏ విండోను ఏ పొరకు ఇవ్వాలో తేల్చుకోవడానికి దీనిపైనే ఆధారపడతాయి. పేరును బట్టి ఇది దొంతరక్రమాన్ని కూడా పరీక్షిస్తుందని భ్రమపడే ప్రమాదముంది. ఈ అమరిక చేయగలనని డ్రైవర్ ఒప్పుకోవడం వరకే దీని పరిధి. చేసినది తెరపై సరిగా ఉందా అన్నదానికి ఇందులో జవాబు లేదు. తెర అమరికకు కొత్త లక్షణాన్ని చేర్చేవారు, వీలైన చోటల్లా, దానికి ఐజీటీ పరీక్షను కూడా సమర్పించాలన్న నియమం కెర్నల్ పత్రాలలో ఉండడానికి కారణమిదే.

మరొకటి, రెండు పొరలకు ఒకే సంఖ్య ఇచ్చిన సందర్భం. కెర్నల్ పత్రాల ప్రకారం అప్పుడు వాటి క్రమం అనిర్ణీతం. అలా ఇవ్వడం బయటి ప్రోగ్రాము చేసిన తప్పు. అయితే కెర్నల్ లోపల, చాలా డ్రైవర్లు వాడుకునే ఉమ్మడి విధానం, సంఖ్యలు సమానమైన పొరలను వాటి వస్తుసంఖ్యను బట్టి వేరుచేసి, పెద్ద వస్తుసంఖ్య గలదానిని పైన పెట్టి, సున్నా నుంచి మొదలయ్యే కొత్త వరససంఖ్యలను పంచుతుంది. బయటికి అనిర్ణీతం, లోపల నిర్ణీతం. ఈ లోపలి ప్రవర్తనకు పరీక్ష రాయవచ్చు, అది అనేక చిప్‌లపై ఉత్తీర్ణమూ అవుతుంది. రాసిన మరునాటి నుంచి కంపోజిటర్ల రచయితలు దానిని హామీగా చదువుకుంటారు. ఆ ఉమ్మడి విధానాన్ని వాడని డ్రైవర్ ఉన్న యంత్రంపై అదే కంపోజిటర్ నడిచిన రోజున, సమాన సంఖ్యలు పొందిన వీడియో, ఉపశీర్షికలు రెండింటిలో ఏది పైకి వస్తుందో చెప్పే వాక్యం ఏ పత్రంలోనూ ఉండదు.